ఆముదం కళ్ళు

ఆ ఉదయం మిర్చి షెడ్డులోకి అడుగు పెట్టగానే నాకు అనుమానం రావాల్సింది. తొడిమలు తుంచే ఆడవాళ్ళంతా పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. తలంట్లు పోసుకుని, జడల్లో కనకాంబరాలు తురుముకుని, పెట్టె అడుగున దాచుకున్న చీరలు కట్టుకుని మరీ వచ్చారు. రోజూ మొహానికి గుడ్డ చుట్టుకుని కాయల గుట్ట ముందు కూర్చునే మనుషులు, ఆ పూట గుట్టకు దూరంగా బల్లల మీద వరసగా కూర్చున్నారు. వాళ్ళందరికీ మేస్త్రీలాగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది మా అమ్మ మదార్‌బీ.

"అందర్నీ శుభ్రంగా రమ్మని చెప్పా. చూడు ఎట్టా వచ్చారో," అంది.

నేను మురిసిపోయాను. అది రెండువేల ఏడు మార్చి నెల. గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీలో నేను లెక్చరర్ని. పేరు ఖుర్షిదా. నాకు కోపం ఎక్కువని కాలేజీలో అంటారు, నిజమే. నా పని మీద నాకు నమ్మకం కూడా ఎక్కువే, అది ఎవరూ అనకపోయినా నేనే చెబుతున్నాను.

నా పనేమిటో చెప్పాలి. పత్తి కట్టె పీకేటప్పుడో, మిరప కొమ్మ విసురుగా తగిలినప్పుడో కంటి మీద చిన్న గీత పడుతుంది. మా ప్రాంతంలో అది రోజూ జరిగేదే. ఆ గీతలోంచి బూజు లోపలికి దిగి, నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరను లోపలి నుంచి తినేస్తుంది. దాన్ని చంపే మందు ఎప్పటి నుంచో ఉంది. కానీ చుక్క వేసిన కాసేపటికే కన్నీళ్ళతో కలిసి చెంప మీదికి జారిపోతుంది. పుండేమో పొర అడుగున ఉంటుంది. మేం సత్తెనపల్లి దగ్గర కౌలు చేసుకునే రోజుల్లో మా అమ్మ ఎడమ కన్ను అలాగే పోయింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. "మందు మంచిదే తల్లీ, లోపలికి చేరడం లేదు," అన్నాడు డాక్టరు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. చేరని మందు మంచిదెలా అవుతుంది? అమ్మ కన్ను కోసమే ఈ పని పట్టుకున్నావా అని కొందరు అదోలా అడుగుతారు. అవును, అమ్మ కన్ను కోసమే. అందులో తప్పేముంది?

మేం చేసింది కొత్త మందు కాదు, మందును మోసే బండి. కంటికి కనబడనంత చిన్న గుళికలు. వెంట్రుక మందంలో వందల గుళికలు వరసగా పడతాయి. చీరాల వైపు రొయ్యల ఫ్యాక్టరీలు పారేసే పెంకుల నుంచి తీసిన పొడితో వాటికి తొడుగు వేశాం. కంటి మీది జిగురుకు ఒక రకం విద్యుత్తు ఉంటుంది, ఈ పొడికి దానికి ఎదురు రకం ఉంటుంది. రెండూ తగిలితే అతుక్కుంటాయి. కన్నీళ్ళు ఎంత కారినా గుళికలు కొట్టుకుపోవు. అతుక్కున్న చోటు నుంచి మెల్లగా పొర లోపలికి దిగి, పుండు దగ్గర మందు విడుస్తాయి. ఇదంతా అమ్మకు వివరంగా చెబితే, "తినేసి పారేసిన రొయ్య పెంకులు తెచ్చి మనుషుల కళ్ళల్లో పోస్తావటే? నీకు చదువెక్కువైంది," అంది.

కుందేళ్ళ మీద పరీక్షలు బ్రహ్మాండంగా వచ్చాయి. మందు లేకుండా ఉత్త రంగు మాత్రమే పెట్టిన గుళికలను మా విద్యార్థుల కళ్ళల్లో వేశాం. నీలం లైటు వేస్తే ఆ రంగు పచ్చగా మెరుస్తుంది. మామూలు చుక్క ఇట్టే మాయమైంది. మాది గంట దాటినా మెరుస్తూనే ఉంది. ఇక రోగులకు వేయడానికి కంటి ఆసుపత్రి వాళ్ళ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీకి పెద్ద డాక్టర్ రాజేశ్వరి గారు. పొగిడితే పడే మనిషి కాదు. మా కాగితాలన్నీ చదివి, "ఏసీ గదిలో కూర్చున్న కుర్రాళ్ళ కంట్లో నిలిచిన చుక్క నాకెందుకమ్మా? రోజంతా కళ్ళల్లో నీళ్ళు కారే వాళ్ళకు నిలిస్తే అప్పుడు రండి," అన్నారు.

"అలాగే మేడమ్. మిర్చి షెడ్డులోనే చూపిస్తాం," అన్నాను. అంత ధీమా నాది.

షెడ్డంటే అమ్మ పనిచేసే షెడ్డే. కూతురు లెక్చరరైనా ఆవిడ పని మానలేదు. ఇంట్లో కూర్చుంటే కాళ్ళూ చేతులూ పట్టేస్తాయట. ఒప్పుకున్న ఆడవాళ్ళందరికీ విషయం చెప్పి సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నాం. అమ్మను మాత్రం చేర్చుకోలేదు. ఒకే కన్నున్న మనిషి ఉన్న కంట్లో పరీక్ష చుక్కలు వేయకూడదు, అది నియమం. ఆవిడకు చిన్నతనంగా అనిపించింది. ఆ కసంతా తీర్చుకోవడానికి మిగతా వాళ్ళను పోగుచేసే పెత్తనం నెత్తిన వేసుకుంది.

షెడ్డు మూల టార్పాలిన్ కట్టి చీకటి చేశాం. ముందుగా చెంచమ్మను పిలిచాను. షెడ్డులో అందరికంటే పెద్ద గొంతు ఆవిడది, అందరికంటే చురుకైన చేతులూ ఆవిడవే. చుక్క వేశాను. నీలం లైటు పట్టాను. కన్నంతా పచ్చగా వెలిగింది. రెండుసార్లు రెప్ప కొట్టింది. పచ్చదనం కంటి మూలకు జారి, చెంప మీద గీతలా కారిపోయింది. కన్ను మళ్ళీ నల్లగా మిగిలింది.

చుక్క సరిగ్గా పడలేదేమో అనుకున్నాను. ఇంకొకరిని పిలిచాను. ఆవిడకూ అంతే. ఆ తరవాత ఆవిడకూ అంతే. సీసా మార్చాను, లైటు మార్చాను, చివరికి చుక్క వేసే నా చెయ్యి కూడా మార్చి, మా ప్రొఫెసర్ అంకమ్మరావు గారి చేత వేయించాను. ఆయనకు కోపం రాదు, ఆశ్చర్యం కూడా తొందరగా రాదు. "జారిపోతోందమ్మా," అన్నారు, అదేదో నాకు తెలియనట్టు.

వరసలో చివరావిడ కన్ను తుడవడానికి తెల్ల దూది తీసుకున్నాను. తుడిచి చూస్తే దూది నల్లగా, జిడ్డుగా ఉంది. అప్పుడు బల్లల మీద కూర్చున్న అందరి మొహాల వంకా చూశాను. ఒక్కొక్కరి కళ్ళూ తీర్చి దిద్దినట్టున్నాయి. ఆముదం దీపం మీద మసి పట్టి, మళ్ళీ ఆముదంతోనే నూరిన కాటుక, రెప్పల లోపలికంటా పెట్టుకుని వచ్చారు.

"అమ్మా!" అని అరిచాను. "కాటుక పెట్టుకు రమ్మని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా. కళ్ళు చూడ్డానికొస్తున్నానన్నావుగా? కళ్ళు చూపించుకునేప్పుడు కాటుక లేకుండా ఎట్టా వస్తారు? డాక్టర్లు ఏమనుకుంటారు?"

"కళ్ళు చూడ్డమంటే పెళ్ళిచూపులా?"

చెంచమ్మ పగలబడి నవ్వింది. "ఏమోనమ్మా, మీ అమ్మ చెప్పిన తీరుకి మేం అట్టాగే అనుకున్నాం. మా ఆయన కూడా ఏందే ఇయ్యాల ఇంత సోకు అన్నాడు."

నా కోపం ఎక్కువసేపు నిలవలేదు, నాకూ నవ్వొచ్చింది. అంకమ్మరావు గారు కూడా నవ్వారు. నూనె పొర మీద నీటి చుక్క జారిపోవడంలో వింతేముంది? కారణం దొరికింది కదా, రేపు సబ్బుతో మొహాలు కడిగించి మళ్ళీ చేద్దాం అనుకున్నాం. మర్నాడు అలాగే చేశాం. కాటుక లేని కళ్ళల్లో చుక్క పచ్చగా, నిండుగా నిలిచింది. టార్పాలిన్ వెనక అంకమ్మరావు గారు నాతో కరచాలనం చేశారు. ఆయన ఎవరితోనైనా కరచాలనం చేయడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో పూతరేకులు కొన్నాను.

తెల్లారి అమ్మ పనికి బయల్దేరుతోంది. నేను కాఫీ తాగుతూ చూస్తున్నాను. గూట్లోంచి ఆముదం సీసా తీసి అరచేతుల్లో పోసుకుంది. మిర్చి పట్టుకుంటే చేతులు మండకుండా అందరూ రాసుకునేదే. చేతులకు రాసుకుంది, మెడకు రాసుకుంది. ఆ తరవాత వేలితో రెప్పల మీద రాసి, వెంట్రుకలకు రాసి, పై రెప్ప లాగి లోపలికి కూడా ఒక బొట్టు తగిలించింది. రెప్పలు టపటపలాడించి గుడ్డతో ఒత్తుకుంది.

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "రోజూ రాస్తావా కళ్ళకి?"

"రోజూ రాయకపోతే ఆ ఘాటుకి కళ్ళుంటయ్యా? అందరం రాస్తాం. నీ కోసమే గదా నిన్న కడుక్కుంది."

అంటే నిన్న మేం పరీక్ష చేసింది పండగ రోజు కళ్ళు కాదు, మామూలు రోజు కళ్ళూ కాదు. సంవత్సరంలో ఒక్క నిన్న మాత్రమే ఉన్న కళ్ళు. మా చుక్క ఎవరి కోసమైతే చేశామో వాళ్ళ రెప్పల కింద మిర్చి ఉన్నన్నాళ్ళూ ఆముదం ఉంటుంది. కంట్లో కొమ్మ గుచ్చుకుంటే ఇంట్లో ముందుగా వేసేది కూడా ఆముదం చుక్కే. ఇంకా తగ్గకపోతేనే ఆసుపత్రి. మా చుక్క దగ్గరికి వచ్చేసరికి ఆ కన్ను నూనెలో మునిగి ఉంటుంది.

కాలేజీకి పోయి ఈ మాట చెబితే అంకమ్మరావు గారు శాంతంగా విన్నారు. "దానికేముందమ్మా, సీసా మీద రాద్దాం. కాటుక, ఆముదం వాడరాదు అని."

"ఎవరు చదువుతారు సార్?"

"డాక్టర్లు చెబుతారు."

"ఇంటికెళ్ళి మానేస్తారా? మా అమ్మ మానదు. మా అమ్మే మానకపోతే ఇంకెవరు మానతారు?"

"ఖుర్షిదా, మూడేళ్ళ పని ఇది. ఫలితం చేతిలో ఉంది. వచ్చే వారం కమిటీ వస్తోంది. నిన్నటి లెక్కలు చూపిస్తే ఒప్పుకుంటారు."

"చేతిలో ఉంది సార్. కంట్లో లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా మాట తప్పని అనలేదు. ఆయనలో నాకు నచ్చేదీ అదే, కోపం తెప్పించేదీ అదే. నేను ఆయన ఎదురుగానే డాక్టర్ రాజేశ్వరి గారికి ఫోన్ చేశాను. చుక్క శుభ్రంగా కడిగిన కళ్ళల్లో నిలుస్తోందనీ, ఆముదం రాసిన కళ్ళల్లో నిలవడం లేదనీ, సరిచేసి వచ్చే సీజనుకు చూపిస్తామనీ చెప్పాను.

"వచ్చే ఏడాదికి ఈ కమిటీలో నేనుంటానో లేదో. ఈలోగా కమిటీ ఇంకెవరి పనైనా ఒప్పుకుంటే మీకు చోటు ఉండకపోవచ్చు. మీ ఇష్టం," అని పెట్టేశారు.

ఇంక అక్కడి నుంచి నాకు భయం పట్టుకుంది. ధీమా ఉన్నవాళ్ళకు భయం ఉండదనుకోవడం పొరపాటు. మూడేళ్ళ పనీ, నా పేరూ, అన్నిటికంటే ముఖ్యంగా ఆ చుక్కా మూలపడిపోతాయి. చేరని మందుల వరసలో నాదీ ఒకటి చేరుతుంది. ఆ ఊహ వచ్చినప్పుడల్లా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

మొదట తేలిక దారే వెతికాను. షెడ్డుకు వెళ్ళి కళ్ళకు ఆముదం రాయడం మానేయమని అందరికీ హితబోధ చేశాను. శాస్త్రం చెప్పాను, బొమ్మలు గీసి చూపించాను. చెంచమ్మ తొడిమలు తుంచడం ఆపకుండా విన్నది.

"మంచి మాటే చెప్పావు తల్లీ. నువ్వొచ్చి ఒక్క పూట మా పక్కన కూచో, ఆముదం లేకుండా. ఆ తరవాత నువ్వేం చెబితే అది."

పంతానికి కూర్చున్నాను. నా చిన్నప్పుడు కల్లాల్లో తెల్లబడ్డ తాలు కాయలు ఏరినదాన్నే, నాకు తెలియని ఘాటా అనుకున్నాను. ఎండ ఎక్కేసరికి గాలిలో ఎర్రటి నుసి లేచింది. మధ్యాహ్నం అన్నాల వేళకు నా రెప్పలు వాచిపోయాయి. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో పోల్చుకోలేకపోయాను. అమ్మ లేచి వచ్చి, నా తల వెనక్కి వంచి, రెప్పల మీద ఆముదం రాసింది. మంట ఒక్కసారిగా దిగింది. చల్లగా, బరువుగా, కంటికి దుప్పటి కప్పినట్టయింది.

"సల్లబడిందా? ఆముదానికి ఎముకల్లో వేడి కూడా లాగే గుణముంది," అంది. అది శుద్ధ అబద్ధం. కానీ వాదించే ఓపిక లేక కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

అలా కూర్చుని ఆలోచించాను. నూనె పోవడం లేదు, ఎందుకంటే నా కన్నీళ్ళు నీళ్ళు. మా చుక్క నిలవడం లేదు, ఎందుకంటే అదీ నీళ్ళే. మా గుళికలకు లోపలా బయటా అన్నీ నీటితో పొత్తు కుదిరేవే పెట్టాం. కళాశాల విద్యార్థుల కళ్ళకు సరిపోయేలా చేశాం, ఆ కళ్ళల్లో నూనె ఉండదు కాబట్టి. నూనెలోకి వెళ్ళాలంటే నూనెతోనే వెళ్ళాలి. గుళిక కడుపులోనే ఆముదం పెడితే? మా మందుకు కూడా నీళ్ళంటే పడదు. దాన్ని నీటి గుళికల్లో ఇరికించడానికి మేం ఏడాది నానా తంటాలు పడ్డాం. ఆముదంలో అయితే తనంతట తనే కరుగుతుంది. ఇన్నాళ్ళూ తప్పు దారిలో నడిచి, కష్టపడి నడుస్తున్నామని గర్వపడ్డాం.

వాచిన కళ్ళతోనే ఆటో ఎక్కి కాలేజీకి పోయాను. అంకమ్మరావు గారు నా మొహం చూసి, "ఎవరితో దెబ్బలాడావమ్మా?" అన్నారు.

చెప్పడం తేలికే, చేయడం దగ్గర చుక్కలు కనిపించాయి. కంటి మందులకు వాడే శుద్ధి చేసిన ఆముదం తెప్పించాం. మొదటిసారి అది మీగడలా పైకి తేలింది. తరవాత రొయ్య పెంకు తొడుగు వేయబోతే పాలు విరిగినట్టు మొత్తం గడ్డలు కట్టింది. ఇంకోసారి బాగానే వచ్చిందనుకుంటే, ఫ్రిజ్‌లో పెట్టి ఆదివారం గడిపి వచ్చేసరికి రెండు పొరలుగా విడిపోయింది. నేను ఒక గాజు బీకరు నేలకేసి కొట్టాను. అంకమ్మరావు గారు చీపురు తెచ్చి నా చేతికిచ్చారు.

చివరికి సోయా నుంచి తీసే లెసిథిన్ మా పని చక్కబెట్టింది. దానికి ఒక కొస నూనె ఇష్టం, ఇంకో కొస నీళ్ళిష్టం. రెంటి మధ్యా పెళ్ళిళ్ళ పేరయ్యలా నిలబడి ఒప్పించేస్తుంది. లోపల మందు కలిసిన ఆముదం, దాని చుట్టూ లెసిథిన్, ఆ పైన రొయ్య పెంకు తొడుగు. వారాలు గడిచినా విడిపోలేదు. మళ్ళీ కుందేళ్ళు, మళ్ళీ అనుమతులు, మళ్ళీ విద్యార్థుల కళ్ళు. ఈసారి విద్యార్థుల రెప్పలకు ముందే ఆముదం రాయించాను. వాళ్ళు అద్దంలో చూసుకుని ఒకరినొకరు వెక్కిరించుకున్నారు. నూనె పొరలోంచి గుళికలు దూరిపోయి కంటి జిగురును పట్టుకున్నాయి. ఆ సాయంత్రం నీలం లైటు నేనే పట్టుకుని, చూసిన కన్నే మళ్ళీ మళ్ళీ చూశాను.

మరుసటి సీజనుకు డాక్టర్ రాజేశ్వరి గారు కమిటీలోనే ఉన్నారు. పరీక్ష ఆసుపత్రిలో పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. "షెడ్డుకే రండి మేడమ్. పని జరుగుతుండగా రండి. ఎవరికీ ముందుగా ఏమీ చెప్పం," అన్నాను. వచ్చారు. లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వరసగా తుమ్మారు. ఆడవాళ్ళెవరూ తలెత్తలేదు. పాత చీరలు, మొహాలకు చుట్టిన గుడ్డలు, నిగనిగలాడే చేతులు. మా అమ్మ కూడా వాళ్ళలోనే కూర్చుని కాయలు తుంచుతోంది. ఈసారి ఎవరినీ శుభ్రంగా రమ్మని చెప్పలేదు, నేను చెప్పనివ్వలేదు.

"ముందు చెంచమ్మ," అన్నాను.

రాజేశ్వరి గారు చెంచమ్మ రెప్ప కింద వేలు పెట్టి చూసి, వేలి జిడ్డు నాకు చూపించారు. "ఇంత నూనె ఉండగానా?"

"అంత నూనె ఉండగానే."

చుక్క వేశాను. ఆవిడే లైటు పట్టుకున్నారు. పచ్చదనం కంటి నిండా పరుచుకుంది. రెప్ప కొట్టమన్నారు. చెంచమ్మ కొట్టింది. ఇంకా కొట్టమన్నారు. "ఎంతసేపు కొట్టమంటారండీ, కన్నా తప్పెటా?" అంది చెంచమ్మ. పచ్చదనం కదల్లేదు. రాజేశ్వరి గారు ఆమెను వెళ్ళి పని చేసుకోమన్నారు. మిగతా వాళ్ళకు కూడా చుక్కలు వేసి పంపించారు. కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆడవాళ్ళు మోచేతులతో తుడుచుకుంటూనే ఉన్నారు. చాలాసేపటికి చెంచమ్మను మళ్ళీ టార్పాలిన్ వెనక్కి పిలిచారు.

నేను లోపలికి వెళ్ళలేకపోయాను. బయట నిలబడి అంకమ్మరావు గారి చొక్కా గుండీలు చూస్తున్నాను. ఆయన తొలిసారి గోళ్ళు కొరుక్కుంటూ కనిపించారు.

"ఖుర్షిదా, లోపలికి రా," అన్నారు రాజేశ్వరి గారు. వెళ్ళాను. చీకట్లో చెంచమ్మ కన్ను పచ్చటి దీపంలా ఉంది.

ఒకరి తరవాత ఒకరిని చూశారు. అందరివీ వెలుగుతూనే ఉన్నాయి. బయటికి వచ్చి కళ్ళజోడు సర్దుకుని, "ఆసుపత్రిలో మొదలుపెడదాం. రోగులకు వేద్దాం," అన్నారు. అంకమ్మరావు గారు ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"ఎలాగూ రోగులకు ముందు ఆముదం మానేయమనే చెబుతాం కదా. అది షరతుల్లో రాసుకుందాం," అన్నారు ఆవిడ మళ్ళీ.

"పుండు పడ్డ కంట్లో మనసారా ఆముదం పోసుకోమని నేనూ అనను మేడమ్. మానమని చెప్పండి, మంచిదే. కానీ మానలేదని ఎవరినీ వెనక్కి పంపొద్దు. అలాంటి వాళ్ళను తీసేస్తే, మిగిలేది మా కాలేజీ కుర్రాళ్ళే."

ఆవిడ నన్ను తేరిపార చూశారు. ఇంత గట్టిగా మాట్లాడితే ఇచ్చింది కూడా పోతుందేమోనని అంకమ్మరావు గారు నా మోచెయ్యి గిల్లారు. "వచ్చినవాళ్ళను వచ్చినట్టే తీసుకుందాం," అన్నారు రాజేశ్వరి గారు. ఆ మాట అంటూ కొంచెం నవ్వారు కూడా.

వెళ్ళబోతున్న ఆవిడకు మా అమ్మ అడ్డం వచ్చింది. "ఏమండీ డాక్టరమ్మ గారూ, అందరికీ ఏశారు, నాకెందుకు ఎయ్యరు? మా అమ్మాయిని అడిగితే నియమం అంటది."

"మీకున్నది ఒక్క కన్నే కదమ్మా. ఎంత మంచి చుక్కయినా దాని మీద పరీక్ష చేయం. అది మీకు జాగ్రత్తగా ఉండాలి," అన్నారు రాజేశ్వరి గారు.

ఆవిడ కారెక్కి వెళ్ళేదాకా అమ్మ చూసి, తిరిగి వచ్చి గుట్ట ముందు కూలబడింది. ఇన్నేళ్ళ పనీ ఆ మనిషి కన్ను కోసం చేస్తే, షెడ్డు మొత్తం మీద చుక్క పడనిది ఆ కంట్లోనే.

చెంచమ్మకు నోరు ఊరుకోదు. "ఏం మదార్‌బీ, మా అమ్మాయి నా కంటి కోసమే చేసిందని ఊరంతా టముకేశావు. తీరా చూస్తే నీకు తప్ప అందరికీ ఏశారుగా!" అంది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

అమ్మ చేతిలోని కాయ తొడిమ తుంచి అవతల పారేసింది. "నాదెట్టాగూ పోయింది. పోయింది కాబట్టేగా మా పిల్ల ఈ పని పట్టుకుంది? ఇంక మీలో ఎవరికీ పోదు. ఊరికే ఇకిలించక పని చూడండి!"

నవ్వు ఆగిపోయింది. చెంచమ్మ తల దించుకుని గుట్టలోంచి గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. కాసేపటికి తన పక్కనున్న చోటు చీరకొంగుతో దులిపి, అమ్మను దగ్గరికి జరగమంది. అమ్మ జరిగింది.

నేను మిర్చి కుక్కిన టిక్కీ బస్తాల చాటుకు వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషమే ఎక్కువ, అదొక్కటే మాత్రం కాదు. తిరిగి వచ్చినప్పుడు నా కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. అది మిర్చి షెడ్డు కాబట్టి ఎవరూ ఎందుకని అడగలేదు.